వెనకవైపు గది

ఆ కుటుంబం కారు దిగుతుండగానే కౌంటరు వెనకున్న ఆమెకు సంగతి తెలిసిపోయింది. తండ్రి దిగి సామాను తీయలేదు. గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, ఎంతమంది ఉన్నారో చూసుకుని వెనక్కి వెళ్లాడు. తల్లి కారు వెనక తలుపు తెరిచి, లోపలికి వంగి, ఏదో చెబుతూ చాలాసేపు అలాగే ఉండిపోయింది. చివరికి ఏడెనిమిదేళ్ల పిల్లాడొకడు చప్పుళ్లు వినపడకుండా చెవులకు పెద్ద దొప్పలు తగిలించుకుని, మునివేళ్ల మీద నడుస్తూ దిగాడు. కారు దిగడానికి ఇంతసేపు ఎందుకు పడుతుందో ఆ హోటల్లో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆమెకు తొమ్మిదేళ్ల కూతురుంది. ఆ కూతురు ఉందన్న సంగతే హోటల్లో ఎవరికీ తెలియదు.

ఎనిమిదేళ్ల కిందట ఉద్యోగంలో చేరేటప్పుడు "పిల్లలున్నారా?" అని అడిగితే "లేరండి" అంది. ఉన్నారంటే మాటిమాటికీ సెలవులు పెడుతుందనుకుంటారని ఆ క్షణానికి నోటికొచ్చిన మాట అది. అబద్ధానికి ఆయుష్షు తక్కువంటారు గానీ, ఇది మాత్రం ఎనిమిదేళ్లు నిక్షేపంగా బతికింది. కూతురు రాత్రంతా నిద్రపోని మర్నాడు "మా అత్తగారికి జ్వరమండి" అని ఫోన్ చేసేది. పాపం ఆ అత్తగారికి ఈ ఎనిమిదేళ్లలో వచ్చినన్ని జ్వరాలు ఇంకెవరికీ వచ్చి ఉండవు.

పిల్లాడి తల్లి కౌంటరు దగ్గరికి వచ్చింది. "రెండు రోజులకండి. సద్దు లేని గది చూడమని ఫోన్లో చెప్పాను. మావాడికి చప్పుళ్లు పడవు."

రిజిస్టర్లో వాళ్లకు రాసి ఉన్నది రెండో అంతస్తులో లిఫ్టు పక్కగది. దాని కిందే వంటిల్లు. తెల్లవారుజామున వంటింటి పొగ లాగే ఫ్యాను వేస్తే, గదిలో మంచం కోళ్లు కూడా సన్నగా వణుకుతాయి. కింద వెనకవైపున ఏడో నంబరు గది ఖాళీగానే ఉంది. ఆ గదికి తోట తప్ప సముద్రం కనపడదు కాబట్టి దాన్ని ఎవరూ అడగరు. గోడలు మందం, పైన ఎవరూ ఉండరు, తలుపు నేరుగా గడ్డిలోకి తెరుచుకుంటుంది. ఉద్యోగుల కుటుంబాల కోసమని ఆ గదిని అట్టిపెడతారు. బయటివాళ్లకు ఇవ్వాలంటే మేనేజరును పిలిచి ఎందుకో చెప్పాలి.

పొగ ఫ్యాను చప్పుడు ఒక పిల్లాడికి అంత ఇబ్బందని మీకెలా తెలుసమ్మా అని ఆయన అడిగితే ఏం చెబుతుంది?

"పై గదిలోంచి సముద్రం చాలా బాగా కనిపిస్తుందండి" అంటూ చిరునవ్వుతో తాళంచెవి అందించింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల హాల్లో పళ్లెం నేలను తాకిన చప్పుడూ, వెంటనే కేకా వినిపించాయి. ఆమె పెన్ను ఆగిపోయింది. ఆ కేక మొండికేసిన పిల్లాడిది కాదు. తెల్లవారుజాము నుంచీ చెవుల్లో ఫ్యాను తిరుగుతుంటే, ఓర్చుకుని ఓర్చుకుని, ఇక ఓర్చుకోలేనివాడిది.

పావుగంటలో మేనేజరు వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు. గొంతెత్తి మాట్లాడడం ఎరగని మనిషి, కానీ గట్టిగా మాట్లాడే ప్రతివాళ్లకూ తలవంచే మనిషి. ఏటా నెల్లాళ్లు అక్కడే మకాం వేసే ఒక పెద్దావిడ ఉంది. కిటికీ పక్క బల్ల ఆవిడదే, టీ కప్పు ఆవిడదే, మాటకు వస్తే హోటలూ ఆవిడదే. ఆవిడ గట్టిగా మాట్లాడింది.

"వాళ్లుంటే నేనుండనంటున్నారమ్మా. పక్క వీధి లాడ్జిలో గది నేనే మాట్లాడి పెడతాను. మీరైతే నొప్పించకుండా చెప్పగలరు" అన్నాడు మేనేజరు.

నొప్పించకుండా చెప్పడంలో ఆమెకు పేరుంది. కొత్తగా చేరిన కౌంటరు అమ్మాయికి ఆ విద్య నేర్పింది కూడా ఆమే.

పై గది తలుపు తెరిచే ఉంది. మంచానికీ గోడకూ మధ్య సందులో పిల్లాడు దూరి, తలను గోడకు కొట్టుకుంటున్నాడు. తండ్రి ఆ గోడకు దిండు అడ్డం పెట్టి పట్టుకున్నాడు. తల్లి చేతిలో నీళ్ల సీసాతో నిలబడి ఉంది.

ఆ తర్వాత చేసినవేవీ ఆమె ఆలోచించి చేసినవి కావు. గుమ్మంలోనే గాజులు తీసి హోటల్ యూనిఫాం కోటు జేబులో వేసుకుంది. చెప్పులు విడిచింది. మిణుకుమిణుకుమంటున్న ట్యూబులైటు ఆపేసి, కర్టెన్ లాగింది. పిల్లాడి వంక చూడకుండా, అతనికి వీపు చూపిస్తూ నేల మీద కూర్చుని, అరచేత్తో నేలను మెల్లగా తట్టడం మొదలుపెట్టింది. ముందు అతని తల కొట్టుకుంటున్న వేగంతోనే తట్టింది. తర్వాత కొద్దికొద్దిగా నిదానించింది. దిండు మీద దెబ్బలు కూడా నిదానించాయి. ఇంకాసేపటికి ఆమె చెయ్యి ఆగింది. వెనక కూడా ఆగింది. పిల్లాడు పెద్దగా ఊపిరి వదలడం వినిపించింది.

ఆమె లేచి, చెప్పులు వేసుకుని, గాజులు తొడుక్కుంది. గాజులతోపాటు కౌంటరు ముఖం కూడా తొడుక్కుంది.

"మీ సౌకర్యం కోసమేనండి, పక్క వీధిలో ఇంకా ప్రశాంతమైన చోటుంది. సాయంత్రానికి అక్కడ ఏర్పాటు చేస్తాం. సామానుకి మనిషిని పంపుతాను."

తండ్రి దిండు పట్టుకున్న చేతిని మెల్లగా దించాడు. తల్లికి ఆ మాటలు వినపడ్డట్టే లేదు. ఈమె చేతి గాజుల వంకే చూస్తోంది.

"మీ ఇంట్లో ఎవరండీ?" అంది.

"అంటే?"

"మావాడిలాంటి వాళ్లు. పాపా, బాబా?"

గదిలో ఆ కుటుంబం తప్ప ఇంకెవరూ లేరు. మేనేజరు లేడు, కొత్తమ్మాయి లేదు, పెద్దావిడ అసలే లేదు. చెబితే పోయేదేమీ లేదు. అయినా ఎనిమిదేళ్ల అలవాటు ఆమెకంటే ముందుగా నోరు తెరిచింది.

"ఎవరూ లేరండి."

"ఓహో" అంది ఆ తల్లి. అని, మంచం మీది బట్టలు ఒక్కొక్కటే మడవడం మొదలుపెట్టింది.

*

ఇంటికెళ్లేసరికి స్నానాలగదిలో కొళాయి చప్పుడు వినిపించింది. కూతురు బకెట్టు ముందు గొంతుక్కూర్చుని ఉంది. ఇంట్లో దాన్ని అందరూ బంగారి అంటారు. నీళ్లు అంచు దాకా వచ్చి, పొంగబోయే ముందు ఒక్క క్షణం ఉబ్బెత్తుగా నిలబడతాయి చూడండి, ఆ క్షణం కోసం బంగారి ఎంతసేపైనా కాచుకుంటుంది. అది రాగానే "నిండింది" అని కొళాయి కట్టేసి, చప్పట్లు కొట్టి, సగం వంచి, మళ్లీ మొదలుపెడుతుంది.

రోజూ అయితే ఆమె బ్యాగు పక్కన పడేసి ఆ పక్కనే చతికిలబడేది. ఇవాళ గుమ్మంలోనే ఆగిపోయింది. ఎవరూ లేరని చెప్పొచ్చిన నోటితో దీన్ని ఏమని పిలవాలి?

"ఏమే, అలా గుడ్లప్పగించి నిలబడ్డావేం?" అంది అత్తగారు వంటింట్లోంచి. "ఊరందరికీ గదులిచ్చే కోడలుంది నాకు. సముద్రం మాత్రం నేను క్యాలెండర్లో చూసుకోవాలి."

ఫ్రిజ్జులు బాగుచేసే భర్త, చేతులకు అంటిన జిడ్డు తుడుచుకుంటూ వచ్చాడు. "మీ హోటల్లో ఉద్యోగులకు ఏటా ఇచ్చే రెండు రోజుల ఉచిత బసకు ఈ నెలతో గడువు ఆఖరు కదా? ఏటా ఎవరికో ఒకరికి ధారపోస్తావు. ఈసారైనా మనం వెళ్దామా?"

ఇది ఏటా ఉండే మాటే. ఒక ఏడు కొండమీదికని బయల్దేరి, బస్సు హారనుకు బంగారి హడలిపోతే సగం దారిలో దిగిపోయారు. ఇంకో ఏడు ఆడపడుచు ఇంటికెళితే ప్రెషర్ కుక్కర్ కూతకు అదే రోజు తిరిగొచ్చారు. పోయినేడు పిల్లల కోసమే కట్టిన విడిది అంటే వెళ్లారు. పిల్లల కోసమే కాబట్టి పొద్దస్తమానం మైకులో పాటలు. ఆ తిరుగు ప్రయాణంలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేదు. "మా హోటలు దానికి సరిపడదు, గోల" అని ఆమె ప్రతిసారీ చెబుతుంది. ఏడో నంబరు గది సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

అన్నాల దగ్గర చెప్పింది. గది సంగతీ, పిల్లాడి సంగతీ, ఆ తల్లి అడిగిందీ, తను అన్నదీ, ఉద్యోగంలో చేరిన నాటి అబద్ధమూ, జ్వరాల సాకులూ. భర్త తల వంచుకుని పళ్లెంలో వేలితో గీతలు గీశాడు. అత్తగారు మాత్రం తినడం ఆపి, కోడలి ముఖంలోకి చూసింది.

"అంటే ఎనిమిదేళ్లుగా నా మనవరాలు అక్కడ పుట్టనే లేదన్నమాట."

"అత్తయ్యా…"

"నాకు జ్వరాలొచ్చాయని చెప్పావు, చెప్పుకో. ముసలిదాన్ని, రేపో మాపో నిజంగానే వస్తాయి. దాన్నెందుకే లేకుండా చేశావు?"

ఆవిడ కసరలేదు. కసిరినా బాగుండేది. తిన్న పళ్లెం తీసుకుని లేచి, బంగారి పళ్లెంలో రొట్టె ముక్కకు గోధుమరంగు అంచులు తీసేసి, తెల్లభాగం మాత్రం ముందు పెట్టింది.

*

రెండు రోజులు ఆమె రిజిస్టర్లో ఆ కుటుంబం ఫోన్ నంబరున్న పేజీ తెరవడం, మూసెయ్యడం చేసింది. మూడో రోజు భోజన విరామంలో వెనక మెట్ల మీద కూర్చుని ఆ నంబరుకు ఫోన్ చేసింది.

"హోటల్ కౌంటరు నుంచండి."

"ఏమైనా మర్చిపోయి వచ్చామా?" అంది ఆ తల్లి.

"మీరు కాదండి, నేనే మర్చిపోయాను. మా ఇంట్లో పాప ఉందండి. తొమ్మిదేళ్లు."

"తెలుసండి" అంది ఆ తల్లి. "గాజులు తీసి లోపలికొచ్చినప్పుడే తెలిసింది. మా సొంత అమ్మకే ఆ తెలివి ఇంకా రాలేదు."

"నన్ను క్షమించండి."

"ఏం తింటుంది?"

"ఆఁ?"

"మీ పాప. ఏం తింటుంది?"

"తెల్లగా ఉండేవండి. అవి కూడా తెల్లటి పళ్లెంలో పెడితేనే."

"మావాడివి గుండ్రంగా ఉండాలి. పలకలుగా ఉన్నదేదీ ముట్టడు. మొన్న మీవాళ్లు రొట్టె ముక్కోణంగా కోసి పెట్టారు, అదీ గొడవ." ఆమె నవ్వింది. ఈమె కూడా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ. జుట్టు కత్తిరించడం గురించి, కొత్త చెప్పుల గురించి, నిద్ర గురించి ఇద్దరూ పది నిమిషాలు మాట్లాడుకున్నారు. ఇంత మామూలుగా ఈ మాటలు బయటి మనిషితో మాట్లాడి ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు.

ఆ ధైర్యంతో అంది: "మళ్లీ రండి. వెనకవైపు ఒక గది ఉంది. అసలు ఆ రోజే ఇవ్వాల్సింది. చప్పుడుండదు, తలుపు తీస్తే తోట. నేనే దగ్గరుండి చూసుకుంటాను."

"మీ పాపకు నచ్చిందా ఆ గది?"

"తను… ఇంకా రాలేదండి."

"ఇంకా అంటే?"

"ఎనిమిదేళ్లుగా."

"మీ పిల్లను తీసుకురాలేని చోటికి మావాణ్ని ఎలా రమ్మంటారండీ?"

అందులో కోపం లేదు. తెలియక అడిగినట్టే అడిగింది. మావాడు పిలుస్తున్నాడు, ఉంటానండీ అని ఫోన్ పెట్టేసింది. ఈమె విరామం అయిపోయాక కూడా మెట్ల మీదే కూర్చుంది. కొత్తమ్మాయి వచ్చి పిలిచేదాకా లేవలేదు.

బంగారిని కొత్తచోటికి తీసుకెళ్లాలంటే ముందుగా ఫోటోల పుస్తకం కావాలి. చూడబోయేవన్నీ చూసే వరసలో ఉండాలి. ఒక్కటి తప్పినా అక్కడ కాలు కదలదు. మర్నాడు డ్యూటీకి గంట ముందే వచ్చి, ఆమె గేటు దగ్గర నుంచి ఫోటోలు తీయడం మొదలుపెట్టింది. గేటు, మెట్లు, అద్దాల తలుపు. ఏడో నంబరు గది తలుపు మూసి ఒకటి, తీసి ఒకటి. మంచం, దుప్పటి, స్నానాలగది, కొళాయి. బకెట్టు నీలంది ఉంటే తీసేసి, ఇంట్లో ఉన్నలాంటి ఎర్రది స్టోరులోంచి తెచ్చి పెట్టి ఫోటో తీసింది.

అన్నీ అయ్యాక కౌంటరు మిగిలింది. కౌంటరు వెనక ఆ రోజు తను ఉండదు. ఎవరుంటారో వాళ్లే ఫోటోలో ఉండాలి.

"సార్, ఒక్కసారి ఇలా నిలబడతారా?"

"నేనా? ఎందుకమ్మా?" అన్నాడు మేనేజరు, అప్పుడే జేబులోంచి దువ్వెన తీస్తూ.

"మా పాపకు చూపించాలి సార్. శుక్ర, శనివారాలు ఏడో నంబరు గది నాకు కావాలి. తొమ్మిదేళ్ల కూతురుంది నాకు. మొన్న వెళ్లిపోయిన బాబులాంటిదే."

దువ్వెన జుట్టులోనే ఆగిపోయింది. పక్కనున్న కొత్తమ్మాయి చేతిలో తాళంచెవుల గుత్తి ఒక్కసారి గలగలమని ఆగింది.

"మీకు పిల్లల్లేరు కదమ్మా?"

"ఉంది సార్. మొదట్నుంచీ ఉంది."

ఆయన దువ్వెన తిరిగి జేబులో పెట్టుకున్నాడు. "మొన్న ఆ మాట నాతో అనుంటే, నేను వాళ్లను పంపేవాణ్ని కాదు కదమ్మా" అన్నాడు.

ఆ మాట నిజమో కాదో ఆమెకు తెలియదు. పెద్దావిడ ముందు ఆయన నిలబడతాడన్న నమ్మకం లేదు. కానీ నిజమే అయితే, పిల్లాణ్ని బయటికి పంపింది పెద్దావిడా కాదు, మేనేజరూ కాదు.

"నవ్వనా?" అని అడిగాడు మేనేజరు.

"వద్దు సార్. రోజూ ఎలా ఉంటారో అలా ఉండండి. శుక్రవారం కూడా అలాగే ఉండాలి. లేకపోతే మీరు మీరు కాదంటుంది."

*

శుక్రవారం బంగారి పుస్తకం తిరగేస్తూ గేటు దాటింది, మెట్లెక్కింది. కౌంటరు దగ్గర మేనేజరు ముఖాన్నీ ఫోటోనూ మూడుసార్లు పోల్చి చూసుకుంది. ఆయన బిగుసుకుపోయి, ఊపిరి కూడా ఆపి నిలబడ్డాడు. తర్వాత ఏడో నంబరు గదికి వెళ్లి, స్నానాలగదిలో ఎర్ర బకెట్టు ముందు కూర్చుంది. ఇక అంతే. సముద్రం వైపు కన్నెత్తి చూడలేదు.

"ఇంత దూరం వచ్చి దీనికి కావాల్సింది ఒక బకెట్టు సముద్రం" అంది అత్తగారు. ఆవిడ మాత్రం ఇసుకలోకి వెళ్లి, చెప్పులు చేత్తో పట్టుకుని, పొద్దు వాలేదాకా నిలబడింది. ఆ వీపును తోటలోంచి చూస్తూ, ఈ పాపం కూడా నా ఖాతాలోదే అనుకుంది కోడలు. భర్త మాత్రం గడ్డిలో వెల్లకిలా పడుకుని, కాసేపు నిద్రపోయాడు కూడా.

మర్నాడు పొద్దున టిఫిన్ వేళ హాలు సగం నిండి ఉంది. మూల బల్ల దగ్గర అత్తగారు, భర్త, బంగారి కూర్చున్నారు. తెల్ల పళ్లెం కోసం ఆమె వంటింటి వైపు వెళ్లింది. అంతలో ఎక్కడో గాజు గ్లాసుల ట్రే జారి, భళ్లుమంది. వెంటనే బంగారి కేక లేచింది. కుర్చీ పక్కకు పడిపోయింది. భర్త పట్టుకోబోతే బంగారి జారిపోయి, బల్ల కింద చెవులు మూసుకుని ముడుచుకుంది. కేక మాత్రం ఆగలేదు.

పళ్లెం పట్టుకుని పరుగున వస్తుంటే, కిటికీ పక్క బల్ల దగ్గర ఎవరో ఆమె చెయ్యి పట్టుకుని ఆపారు. నెల్లాళ్ల పెద్దావిడ.

"మీరున్నారా, బతికించారు. ఇవాళ కోటు వేసుకోలేదేం? సరే, ఆ మూల గోలేమిటో చూడండి. మొన్న ఆ పిల్లాడివాళ్లను పంపేశారే, అలాగే నయాన చెప్పి వీళ్లను కూడా పంపెయ్యండి."

"అది నా కూతురండి."

ముఖం మీద ఏదో పడబోతోందన్నట్టు ఆమె గట్టిగా కళ్లు మూసుకుని తెరిచింది. ఏమీ పడలేదు. పెద్దావిడ ముఖం మెత్తబడింది.

"అయ్యయ్యో, మీ అమ్మాయా! ముందే చెప్పొద్దూ! మీ అమ్మాయైతే ఏం ఫర్వాలేదు. పిల్లలన్నాక అరవరూ, ఏడవరూ?" అంటూ పట్టుకున్న చేతినే ఆప్యాయంగా నిమిరింది. ఆవిడ మనస్ఫూర్తిగానే అంది. ఒక్క మాటతో అయిపోయింది. ఎనిమిదేళ్లు దాచినది ఇంత తేలిగ్గా చెల్లిపోయింది. మొన్న ఆ బాబును పంపెయ్యమన్నప్పుడు నాకూ అలాంటి కూతురుందని ఒక్క మాట అని ఉంటే అప్పుడు కూడా చెల్లేది. ఆ మెత్తని నిమురుడు ఆమెకు చెంపదెబ్బకంటే ఎక్కువగా చురుక్కుమంది.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆ బాబుకు కూడా ఫర్వాలేదనే అనాల్సిందండి. మీరు అనలేదు. తెలియక అనలేదు. నేను తెలిసుండీ అనలేదు."

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా" అని పెద్దావిడ టీ కప్పు వైపు తిరిగింది.

హాల్లో అందరూ తిరిగి చూస్తున్నారు. మేనేజరు గుమ్మంలో నిలబడి, ముందుకు రావాలో వెనక్కి వెళ్లాలో తెలియక కోటు గుండీ తిప్పుకుంటున్నాడు. ఆమె మూల బల్ల దగ్గరికి నడిచి, పళ్లెం అత్తగారికి అందించి, బల్ల పక్కన అందరి ఎదురుగా నేల మీద కూర్చుంది. కూతురికి వీపు చూపిస్తూ మెల్లగా నేల తట్టసాగింది. కేక తగ్గడానికి ఇంకా చాలాసేపు పట్టేలా ఉంది.

కొత్తమ్మాయి పరుగెత్తుకొచ్చి పక్కన వంగింది. "మేడం, ఏం చెయ్యను? గదికి తీసుకెళ్లనా? వీళ్లకేమని చెప్పను?"

"ఏమీ చెప్పకు" అంది ఆమె, నేల తట్టడం ఆపకుండా. "మేమింకా టిఫిన్ తినలేదు. మేమిక్కడే ఉంటాం."